కుమ్మరి పని - శాస్త్రము, లెక్క, బ్రతుకు

"కుమ్మరికి ఒక ఏడు, గుదియకు ఒక పెట్టు" అని మన పెద్దల సామెత. కుమ్మరి ఏడాదంతా కష్టపడి చేసిన కుండలను ఒక దుడ్డుకర్ర ఒక్క దెబ్బతో పాడుచేయగలదని దాని భావం. ఈ సామెతను చిన్నప్పటినుండి వింటూనే ఉన్నాను గాని, ఆ కుమ్మరి ఏడాదంతా చేసే పని ఏమిటో మొన్నమొన్నటి దాకా దగ్గర కూర్చుండి చూచినవాడను కాను.

మాది నిజామాబాద్ జిల్లా ముప్కాల్. పసుపు పండించే కుటుంబం. నేను బి.ఎస్సీ.లో రసాయనశాస్త్రం చదువుతున్నాను. పోయిన దసరా సెలవులలో మొదలుపెట్టి, సంక్రాంతి సెలవులలోను, తరువాత వేసవిలోను మా ఊరి కుమ్మరి తాత దగ్గర మొత్తం నలభై రోజులు పని నేర్చుకొన్నాను. నలభై రోజులలో ఎవరూ కుమ్మరి కాలేరు. అయినా ఈ పనిలో ఎంత శాస్త్రం ఉందో, ఎంత లెక్క ఉందో తెలుసుకొనడానికి ఆ రోజులు సరిపోయాయి. మట్టి పాత్ర ఎట్లా తయారవుతుంది, అట్లాగే ఎందుకు తయారవుతుంది, దానితో ఈ రోజులలో బ్రతకవచ్చునా అనే మూడు ప్రశ్నలకు నాకు తోచిన జవాబులు మిత్రుల ముందు పెడుతున్నాను.

తాత అడిగిన ప్రశ్న

మొదటి రోజు నేను వెళ్ళి పని నేర్పమని అడిగితే తాత నవ్వాడు. "ఏం బిడ్డా, పట్నంల సదువుకుంటున్నవట గద! నా కొడుకే మన్ను ముట్టనని దుబాయి పోయిండు. నీకెందుకు ఈ పిసుకుడు?" అన్నాడు. నేను ఏదో చెప్పబోయాను. తాత ఆగమని, "ముందుగాల ఇది చెప్పు. మీ ఇంట్ల మంటి కుండ ఉన్నదా?" అని అడిగాడు.

లేదు. ఫ్రిజ్ ఉంది, స్టీలు బిందెలున్నాయి, ప్లాస్టిక్ డబ్బాలున్నాయి. కుండ లేదు. పండుగకు ప్రమిదలు, బోనాలకు ఒక కుండ, పెండ్లికి ఐరేని కుండలు - అంతే. మా నాయనమ్మ కాలంలో గురిగి, పటువ, కంచుడు, నీళ్ళకు రంజన్, పశువులకు గోలెం అన్నీ తాత ఇంటినుండే వచ్చేవట. పంట ఇంటికి రాగానే తాతకు మేర కొలిచేవారు. వాడకం పోయింది, దానితో మేరా పోయింది. ఎవరూ నిలిపివేయమని చెప్పలేదు. ఒక ఏడు మరచిపోయారు, మరుసటి ఏడు తాత అడగలేదు. కుమ్మరి వృత్తి క్షీణించిందని వ్యాసాలు వ్రాసేటప్పుడు ప్లాస్టిక్‌ను తిట్టడం సులభం. మా ఇంటి సంగతి వ్రాయడం నాకు కష్టంగానే ఉన్నది.

మట్టి

ఏ మట్టి పడితే ఆ మట్టి కుండకు పనికిరాదు. మా నల్లరేగడి పసుపుకు, మొక్కజొన్నకు మంచిదే గాని కుండకు ఒంటరిగా పనికిరాదు. అందులో ఉండే మాంట్‌మోరిల్లొనైట్ అనే ఖనిజం నీరు త్రాగి ఉబ్బుతుంది, ఆరితే కుదించుకొని పగులుతుంది. వేసవిలో మన చేలలో కాలు దూరేంత నెర్రెలు వేసేది ఇదే. తాత చెరువు అడుగున పేరుకొన్న సన్నని బంకమట్టిని వాడుతాడు. 2015లో మిషన్ కాకతీయ మొదలయ్యాక చెరువుల పూడిక మట్టి ట్రాక్టర్లలో పొలాలకు చేరింది. మా చేనిలోనూ పోశాము. అదే మట్టికి కుమ్మరి కూడా ఎదురుచూస్తాడన్న ఆలోచన అప్పుడు మాకెవరికీ రాలేదు.

తెచ్చిన మట్టిని ఎండబెట్టి, దంచి, జల్లించి, నానబెట్టి, తొక్కుతారు. దానిలో సన్న ఇసుక కలుపుతారు. ఇసుక ఎందుకని అడిగితే తాత, "ఒట్టి బంకైతే బిగుసుకొని పలుగుతది. ఇసుక ఊపిరాడనిస్తది" అన్నాడు. ఈ మాటను పరీక్షించాలని నేను మట్టితో కొన్ని బిళ్ళలు చేసి, పచ్చిగా ఉన్నప్పుడే ఒక్కొక్కదానిమీద సరిగ్గా 10 సెంటీమీటర్ల గీత గీశాను. ఆరి కాలిన తరువాత ఇసుక లేని బిళ్ళపై గీత 8.8 సెంటీమీటర్లకు వచ్చింది. రెండు బిళ్ళలు వంకరపోయాయి. అయిదో వంతు ఇసుక కలిపిన బిళ్ళపై గీత 9.2 వద్ద నిలిచింది, ఒక్కటీ వంకరపోలేదు. ఇసుక రేణువులు కుదించుకొనవు గనుక మట్టి మొత్తం తక్కువ కుదించుకొంటుంది. వాటి సందులలో నుండి లోపలి నీరు సులువుగా బయటికి వస్తుంది. తాత చెప్పిన ఊపిరి ఇదే.

ఈ పరీక్షకు ఒక స్కేలు చాలు. కొత్త మట్టి ఎదురైనప్పుడెల్లా కుమ్మరి చేయవలసిన మొదటి పని ఇది. మూత కుండకు సరిపడాలన్నా, లీటరు జగ్గులో లీటరు నీళ్ళు పట్టాలన్నా మట్టి ఎంత కుదించుకొంటుందో ముందే తెలియాలి.

సారె

సారెమీద మట్టిముద్దను నడిమికి తేవడమే అన్నిటికంటె కష్టం. చూచేవారికి కుమ్మరి చేతులు కదులుతున్నట్లుంటుంది గాని, నిజానికి చేతులు కదలకూడదు, మట్టే కదలాలి. మోచేతులు తొడలకు ఆనించి చేతులు స్థిరంగా పట్టుకొంటే మట్టి తనంతట తానే నడిమికి వస్తుంది. నాకు ఇది రావడానికి పదకొండు రోజులు పట్టింది. పన్నెండో రోజు తెల్లవారి మళ్ళీ పోయింది.

మన పెద్ద కుండలు పూర్తిగా సారెమీద అయ్యేవి కావు. సారెమీద మూతి, మెడ, మందమైన గోడ వరకే తీస్తారు. కొంచెం ఆరాక లోపల గుండ్రని రాయి ఆనించి, బయట చెక్కతో మెల్లగా కొడుతూ గోడను పలుచగా, పొట్టను గుండ్రంగా సాగదీస్తారు. ఈ దెబ్బలతో మట్టి గట్టిపడుతుంది, గోడ అంతటా ఒకే మందం వస్తుంది. అడుగు గుండ్రంగా ఉండడానికి కారణమూ ఉంది. మూల ఉన్నచోట వేడి, ఒత్తిడి చేరి పగులు మొదలవుతుంది. గుండ్రని అడుగులో అవి సమంగా పంచుకొనబడతాయి. పొయ్యిమీద పెట్టే పాత్రకు ఇంతకన్న మంచి ఆకారం లేదు. కాని నేటి గ్యాసు పొయ్యిమీద అది నిలువదు. చేసేవాడు కొనేవాని వంటింటిని చూడాలనడానికి ఇదొక ఉదాహరణ.

ఆవం

నేను మొదటిసారి చేసిన గిన్నెలు ముప్పై. ఆరబెట్టేటప్పుడు తొందరపడి ఎండలో పెట్టాను. అంచులు ముందు ఆరి, అడుగులు పచ్చిగా ఉండి, ఏడు గిన్నెలు పగిలాయి. మిగిలిన ఇరవైమూడు తాత కుండలతో పాటు ఆవంలోకి వెళ్ళాయి. కట్టెలు, పిడకలు, గడ్డి పేర్చి పైన మట్టి మెత్తి నిప్పు పెట్టాడు. రాత్రి ఆవంలో రెండు మూడు టప్పుమనే చప్పుళ్ళు వినిపించాయి. "అవి నీయే" అన్నాడు తాత, కళ్ళు తెరువకుండానే.

మరునాడు తీసి చూస్తే ఆరు పగిలాయి. ఎందుకు పగిలాయో పుస్తకం తీసి చదివితే ఆవం లోపలి కథ అర్థమయింది. నూరు డిగ్రీల సెంటిగ్రేడు దగ్గర మట్టిలో మిగిలిన తేమ ఆవిరవుతుంది. గోడ మందంగా ఉండి మంట తొందరగా పెరిగితే ఆ ఆవిరికి దారి దొరక్క పాత్ర పేలుతుంది. సుమారు 500 నుండి 600 డిగ్రీల మధ్య బంకమట్టి ఖనిజంలో రసాయనికంగా కలిసి ఉన్న నీరు కూడా పోతుంది. ఆ క్షణం దాటితే అది మళ్ళీ నానబెట్టినా మట్టి కాదు. పచ్చి కుండను నీటిలో వేస్తే కరిగిపోతుంది. కాలిన పెంకు వేల ఏండ్లు ఉంటుంది. మన తెలంగాణలో బృహత్‌శిలాయుగపు సమాధులలో దొరికే ఎరుపు, నలుపు కుండలు ఇప్పటికీ నిలిచి ఉండడానికి కారణం ఇదే. ఇక 573 డిగ్రీల వద్ద ఇసుకలోని క్వార్ట్జ్ ఒక్కసారిగా వ్యాకోచిస్తుంది. చల్లారేటప్పుడు అదే స్థానంలో సంకోచిస్తుంది. అందుకే ఆవాన్ని తొందరపడి విప్పకూడదు. తాతకు ఈ అంకె తెలియదు. కాని బూడిద చల్లారే వరకు ఎవరినీ దగ్గరకు రానీయడు.

రంగు విషయం రసాయనశాస్త్రం చదివేవారికి మరీ ఇష్టం. మట్టిలోని ఇనుముకు ప్రాణవాయువు బాగా అందితే ఎర్రని ఆక్సైడుగా మారి కుండ ఎర్రగా వస్తుంది. చివరలో ఊక, పేడ వేసి గాలి దారులు మూసివేస్తే పొగ లోపలే నిలిచి కుండ నల్లబడుతుంది. మట్టి ఒకటే, ఆవం ఒకటే. మారింది గాలి మాత్రమే.

ఆవం విప్పాక తాత ఒక్కొక్క కుండను వేలితో కొట్టి వింటాడు. ఖంగుమంటే మంచిది. బొద్దుగా మోగితే కంటికి కనబడని పగులుంది. దానిని అమ్మకుండ పక్కన పెడతాడు. మా పదిహేడు గిన్నెలలో నాలుగు అట్లా పోయాయి. ముప్పైకి మిగిలినవి పదమూడు.

రంజన్‌లో నీళ్ళు ఎందుకు చల్లబడతాయి?

ఇది పరీక్షలో వచ్చే ప్రశ్నే గాని, అంకెలు వేసి చూచినవారు తక్కువ. ఊరి ఆవంలో కాలిన కుండ గోడలో సన్నని రంధ్రాలుంటాయి. నీరు వాటిగుండా ఊరి బయటి తలంమీద ఆవిరవుతుంది. 30 డిగ్రీల దగ్గర ఒక గ్రాము నీరు ఆవిరి కావడానికి సుమారు 580 కేలరీల వేడి కావాలి. పది లీటర్ల రంజన్ నుండి నూరు గ్రాముల నీరు ఆవిరైతే 58,000 కేలరీలు పోతాయి. బయటి వేడి లోపలికి రాదనుకొంటే పది లీటర్ల నీరు దాదాపు 6 డిగ్రీలు చల్లబడాలి. బయటి వేడి వస్తూనే ఉంటుంది గనుక ఆవిరి కూడా సాగుతూనే ఉండాలి. గాలి పొడిగా ఉన్న మా నిజామాబాద్ వేసవిలో రంజన్ బాగా పనిచేస్తుంది. ఉక్కగా ఉండే సముద్రతీరంలో అంతగా పనిచేయదు.

ఈ సూత్రం తెలిస్తే కొన్ని పొరపాట్లు తప్పుతాయి. అందంకోసం రంజన్‌కు ఆయిల్ పెయింటు వేస్తే రంధ్రాలు మూసుకొని నీళ్ళు చల్లబడవు. నీటిలోని లవణాలు పేరుకొని పాత రంజన్ కూడా క్రమంగా మందగిస్తుంది. ఏటా కొత్త రంజన్ కొనే మన అలవాటులో శాస్త్రం ఉంది, కుమ్మరికి అన్నమూ ఉంది.

వాడకానికి వచ్చే పాత్ర

రంజన్‌కు రంధ్రాలు గుణం. పులుసు గిన్నెకు, టీ కప్పుకు అవే దోషం. నూనె, పులుపు లోపలికి ఇంకి వాసన పడుతుంది. అందుకే గాజువంటి గ్లేజు పూత కావాలి. ఊరి ఆవం సాధారణంగా 700 నుండి 900 డిగ్రీల వరకే వెళ్తుంది. స్టోన్‌వేర్ అనే గట్టి పాత్రలకు 1200 డిగ్రీలు దాటాలి. దానికి వేరే మట్టి, ఇటుకలతో కట్టిన వేరే కొలిమి కావాలి. తక్కువ వేడిలో సులువుగా కరుగుతుందని పూర్వం చాలా దేశాలలో సీసం కలిపిన గ్లేజు వాడారు. చింతపండు, నిమ్మకాయ, పెరుగు వంటి పులుపు తగిలితే ఆ సీసం ఆహారంలోకి దిగుతుంది, అది విషం. తినే పాత్రకు సీసం గ్లేజు వాడరాదు. రసాయనశాస్త్రం చదివిన వాడు కుమ్మరి పనికి తేగలిగిన మొదటి మేలు ఈ జాగ్రత్తే అనుకొంటాను.

చదివినవారు చక్రం పట్టిన చోట్లు

ఇది కులవృత్తి గదా, చదివినవారికి, ఇతరులకు ఏం పని అని చాలామంది అడిగారు. దీనికి చరిత్రలో జవాబున్నది. భూగర్భశాస్త్రంలో పట్టా పుచ్చుకొన్న గురుచరణ్ సింగ్ జపాన్ వెళ్ళి కుండలపని నేర్చుకొని వచ్చి 1952లో ఢిల్లీ బ్లూ పాటరీని స్థాపించారు. ఇంగ్లండులోని సెయింట్ ఐవ్స్‌లో 1920లో బెర్నార్డ్ లీచ్, జపాన్‌కు చెందిన షోజీ హమడా కలిసి ఒక కార్ఖానా పెట్టారు. తరువాత అక్కడ నిత్యం వాడే గిన్నెలు, జగ్గులు, కప్పులు ఒకే కొలతతో మళ్ళీ మళ్ళీ చేసి అమ్మారు. పాండిచ్చేరిలో 1971లో రే మీకర్, డెబొరా స్మిత్ స్థాపించిన గోల్డెన్ బ్రిడ్జ్ పాటరీలో నేర్చుకొన్నవారు ఎందరో సొంత కొలుములు కట్టుకొన్నారు.

కులవృత్తిలో పుట్టి దానిని కొత్త దారి పట్టించినవారూ ఉన్నారు. గుజరాత్‌లోని వాంకానేర్‌కు చెందిన మన్‌సుఖ్‌భాయ్ ప్రజాపతి మట్టి పెనాలు చేసి, తరువాత కరెంటు అక్కరలేని మిట్టీకూల్ అనే మట్టి ఫ్రిజ్‌ను తయారుచేశారు. మనం ఇప్పుడే చదివిన ఆవిరి సూత్రమే దానికి ఆధారం. ఇక మన తెలుగువారి సంగతి: కేరళలో నీలంబూర్ దగ్గర అరువాకోడ్ అనే ఊరిలో ఎన్నో తరాల క్రితం ఆంధ్రదేశం నుండి వలస వెళ్ళిన కుంభార కుటుంబాలున్నాయి. ఇంట్లో నేటికీ తెలుగు యాసే. వంట కుండల గిరాకీ పడిపోయి ఆ ఊరు దిక్కులేనిదైన కాలంలో, 1993లో, జాతీయ డిజైన్ సంస్థలో చదివిన కె.బి. జినన్ అక్కడికి చేరారు. ముఖ్యంగా ఆడవారు గోడలకు అమర్చే మట్టి ఫలకాలు, ఇంటి వస్తువులు చేయసాగారు. పనితనం వారిదే, మట్టి వారిదే. మారింది ఏమి చేయాలి, ఎవరికి అమ్మాలి అన్నది.

నేర్చుకొనదలచిన వారికి గూడూరులో ప్రభుత్వ సిరామిక్ టెక్నాలజీ సంస్థలో డిప్లొమా ఉంది. అహమదాబాద్‌లోని జాతీయ డిజైన్ సంస్థలో సిరామిక్ డిజైను పై చదువుంది. 2023 సెప్టెంబరు 17న మొదలయిన పి.ఎం. విశ్వకర్మ పథకంలోని 18 వృత్తులలో కుమ్మరి పని ఒకటి. శిక్షణ, పనిముట్లకు 15,000 రూపాయల సాయం, మొదటి విడత లక్ష రూపాయల అప్పు 5 శాతం వడ్డీకి అందులో ఉన్నాయి. తాతవంటి వారు దీనిని వినియోగించుకొనడానికి కాగితాలు నింపిపెట్టే చదువుకొన్నవారు ఊరికి ఒకరు దొరికినా చాలు.

లెక్క

మా బాపుకు నా ఆలోచన చెప్పినప్పుడు మూడు రోజులు మాట్లాడలేదు. నాలుగో రోజు అన్నాడు: "పసుపు తొమ్మిది నెల్ల పంట. ధర పడ్డా, ఎక్కినా అమ్ముకునేతందుకు నిజామాబాద్‌ల యార్డున్నది. కుండకు ఏడున్నదిరా యార్డు?" ఆ మాటకు నా దగ్గర జవాబు లేదు. అందుకని తాత పక్కన కూర్చుండి లెక్క వేశాను. ఈ అంకెలు నమూనాకు మాత్రమే.

ఒక ఆవానికి నూరు పాత్రలనుకొందాం. మట్టి తోలడానికి 500, కట్టెలు, ఊకకు 1,500, ఆరు రోజుల పనికి రోజుకు 500 చొప్పున కూలి 3,000. మొత్తం 5,000 రూపాయలు. ఒక్కొక్కటి 50 రూపాయలు పడిందని తొందరపడి అనుకొంటాము. కాని ఇరవై పగిలితే మిగిలినవి ఎనభై. అప్పుడు అసలు ధర 62 రూపాయల 50 పైసలు. అందులో లాభం ఇంకా లేదు. ఈ పాత్రను మనం 40 రూపాయలకు బేరమాడి తెచ్చుకొంటే ఎనభై పాత్రలమీద కుమ్మరికి 1,800 రూపాయలు నష్టం. అంటే మూడున్నర రోజుల కూలికి పైగా. తాత ఇన్నేండ్లూ తన కూలిని లెక్కలోనే వేసుకొనలేదు. "నా చేతులకు ఎవడు కూలిస్తడు బిడ్డా" అన్నాడు.

అందుచేత ఈ వృత్తితో బ్రతకదలచిన వారికి నాకు తోచిన సూత్రాలు నాలుగు. పగుళ్ళు తగ్గించడమే మొదటి లాభం. ఇరవై పగిలేచోట ఐదే పగిలితే అదే పాత్ర 53 రూపాయలలో పడుతుంది. రెండవది, పది రకాలు కాక మూడు నాలుగు రకాలే ఒకే కొలతతో మళ్ళీ మళ్ళీ చేయాలి. చేయి కుదురుతుంది, కొన్నవాడు మళ్ళీ అదే కోరుతాడు. మూడవది, వానకాలం నాలుగు నెలలకు తిండి ఎక్కడిదో ముందే చూచుకొనాలి. ఆ రోజులలో ఆరబెట్టడం, కాల్చడం కష్టం. నాలుగవది, తన కూలి వేసుకొనని లెక్క లెక్క కాదు. పసుపు రైతుకు కూడా ఈ నాలుగో సూత్రం వర్తిస్తుందని బాపుతో అన్నాను. నవ్వలేదు గాని, కాగితం తీసుకొని మళ్ళీ ఒకసారి చూచాడు.

చివరి మనవి

పచ్చి పసుపు ఐదు కిలోలు ఉడకబెట్టి ఎండబెడితే ఎండు పసుపు ఇంచుమించు ఒక కిలో మిగులుతుంది. పోయేదాన్ని లెక్కలో పెట్టుకొని మిగిలేదానితో బ్రతకడం మా ఇంటికి కొత్త కాదు. డిగ్రీ అయిన తరువాత ఒక సాలు చూడమని, పసుపు ఎండబోసే కల్లంలో ఒక మూల వాడుకొమ్మని, లెక్క పుస్తకం మాత్రం తనకు నెలనెలా చూపమని బాపు అన్నాడు. అది ఒప్పుకోలో, పరీక్షో నాకు తెలియదు. తాత పేరు కూడ ఆ పుస్తకంలో కూలి ఖాతాలో వ్రాస్తానని చెప్పాను. తాత నమ్మలేదు, వ్రాసి చూపించవలసి ఉంది.

ఇప్పుడు మా ఇంట్లో ఒక రంజన్ ఉంది. మొదటి రోజు అడుగున తడి చూచి "కారుతున్నదేమో" అని అమ్మ కంగారుపడింది. కారడం లేదు, చెమర్చుతున్నదని చెప్పాను. రెండో రోజు సాయంత్రానికి ఫ్రిజ్‌లో సీసాలు పెట్టడం మానింది.

మిత్రులకు, విద్యార్థి సంఘం పెద్దలకు ఒక మనవి. వచ్చే వేసవిలో మన కళాశాల వరండాలో రెండు, గ్రంథాలయం ముందు రెండు రంజన్లు పెట్టిద్దాం. రంగులు వేయవద్దు, నీడలో, గాలి తగిలేచోట ఇసుకమీద పెట్టాలి. దగ్గరలోని కుమ్మరి ఇంటికి మనమే వెళ్ళి, అడిగిన ధర బేరమాడకుండ ఇచ్చి తెద్దాం. కుండకు యార్డు లేదన్న మా బాపు మాటకు జవాబుగా నాలుగు రంజన్లు చిన్నవే. అయినా ఆవంలో ఒక మూల నిండుతుంది.